నీళ్లు ఆలస్యంగా కాగుతున్నాయా? రాడ్ మార్చే ముందు తీగను లెక్కించండి

పర్లాకిమిడి పాత వీధుల్లో చాలా ఇళ్లు వీధి వైపు ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉంటాయి. మీటరు వీధి అరుగు దగ్గర ఉంటే స్నానాల గది పెరటి చివర ఉంటుంది. చలికాలంలో ఇలాంటి ఇళ్లలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటే: 1500 వాట్ల హీటర్ రాడ్‌తో 15 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరడానికి లెక్క ప్రకారం 28 నిమిషాలు చాలు గాని, నలభై దాటినా కాగవు. కొత్త రాడ్ కొన్నా మార్పు ఉండదు.

రాడ్ దోషమా, కాదా అన్నది ముందు తేల్చుకోవాలి. ప్లగ్గు తీసి, రాడ్ చల్లారాక, దాని రెండు పిన్నుల మధ్య నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవండి. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే, అంటే 230 × 230 ÷ 1500 చేస్తే, 35.3 ఓములు రావాలి. దానికి దగ్గరగా వస్తే రాడ్ బాగున్నట్టే. (ఈ పరీక్ష ఫిలమెంటు బల్బుకు పనికిరాదు. 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 529 ఓములుండే నిరోధం చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. మోటారుకూ ఇది వర్తించదు.)

ఇక తీగ సంగతి. రాడ్‌ను నీళ్లలో ఉంచి స్విచ్ వేశాక, బకెట్టును ముట్టకుండా, అదే బోర్డులోని పక్క సాకెట్టులో వోల్టేజి చూడండి. మీటరు దగ్గర కొలత మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే తీయించండి. మీటరు దగ్గర 221, పెరట్లో 190 వచ్చాయనుకుందాం. 190ని 35.3తో భాగిస్తే కరెంటు సుమారు 5.4 ఆంపియర్లు, రాడ్‌కు అందే శక్తి 1020 వాట్లు మాత్రమే. నీళ్లు కాగడానికి 41 నిమిషాలు పట్టడానికి కారణం ఇదే.

దారిలో పోయిన 31 వోల్టులను 5.4తో భాగిస్తే సుమారు 5.7 ఓములు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు దాదాపు 12.1 ఓముల నిరోధం ఉంటుంది కాబట్టి, పోను 25, రాను 25 మీటర్ల తీగకు 0.6 ఓములకు మించకూడదు. మిగిలిన 5.1 ఓములూ ఏదో ఒక వదులు జాయింటులో ఉన్నాయి. కరెంటు వర్గాన్ని ఆ నిరోధంతో గుణిస్తే దాదాపు 150 వాట్లు: ఆరు సోల్డరింగ్ ఐరన్ల వేడి గోడ మీది చెక్కపట్టీ వెనక పుడుతోందన్న మాట. నీళ్లు కాగకపోవడం కన్నా నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. దయచేసి ఆ క్షణమే రాడ్ ఆపండి. స్టెబిలైజరు పెడితే ఆ జాయింటు గుండా పోయే కరెంటు ఇంకా పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది.

మరమ్మతుకు మెయిన్ స్విచ్ ఆపించి, తీగలో కరెంటు లేదని టెస్టరుతో నిర్ధారించుకున్నాకే జాయింటు విప్పించాలి. పాత అల్యూమినియం తీగకు రాగి తీగ మెలిపెట్టి టేపు చుట్టినచోటే ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. కమిలిన కొనలు కత్తిరించి మళ్లీ మెలిపెట్టడం కన్నా, మీటరు నుంచి పెరటి వరకు అతుకు లేకుండా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించి, 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టించడమే మేలని నా అభిప్రాయం. మీటరు దగ్గరే వోల్టేజి బాగా తక్కువగా ఉంటే లోపం ఇంటి బయటిది. స్తంభం జోలికి పోకుండా విద్యుత్ కార్యాలయానికి ఫిర్యాదు చేయండి.

కొత్త తీగ వేశాక రాడ్ నడుస్తుండగా రెండు చోట్లా మళ్లీ కొలిపించండి. తేడా రెండు, మూడు వోల్టులను మించితే సాకెట్టు స్క్రూలో గాని, స్విచ్‌లో గాని ఇంకో వదులు మిగిలి ఉంది.