స్కూల్ దోస్తులతో హ్యారీ పోటర్ క్విజ్ పెట్టాలంటే ప్రశ్నలు ఇలా రాయండి

సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు నుంచి అందరూ హనుమకొండ దిగుతారు కదా, ఏదో ఒక సాయంత్రం బంగ్లా మీద చాప పరిచి ఈ క్విజ్ పెట్టుకోండి. మంత్రాల స్కూల్లో చదివే హ్యారీ, రాన్, హెర్మయొనీల కథ స్కూల్ దోస్తుల కథే, దాన్ని స్కూల్ దోస్తులతో ఆడితేనే మజా.

మొదలుపెట్టే ముందే పుస్తకమా, సినిమానా తేల్చేయండి. నాలుగో కథలో నీళ్లలో ఊపిరాడటానికి హ్యారీకి గిల్లీవీడ్ అనే మాయ మొక్క ఎవరిచ్చారు అని అడిగారనుకోండి, సినిమా చూసినోళ్లు అతని క్లాస్‌మేట్ నెవిల్ అంటారు, పుస్తకం చదివినోళ్లు డాబీ అనే ఎల్ఫ్ అంటారు, ఇద్దరిదీ కరెక్టే, ఇక పంచాయితీ తెగదు. అందుకే ప్రతి ప్రశ్న పక్కన 'పు' అనో 'సి' అనో రాసుకోండి.

పుట్టినరోజులు వార్మప్‌కి చాలు. ముగ్గురిలో పెద్ద ఎవరంటే హెర్మయొనీ, 1979 సెప్టెంబర్ 19. రాన్‌ది 1980 మార్చి 1, హ్యారీది అదే ఏడాది జులై 31. నెవిల్ హ్యారీకన్నా ఒక్క రోజే పెద్ద, ఈ ఒక్క తేదీ మాత్రం గట్టిగా అడగండి, ఎందుకంటే విలన్ వోల్డ్‌మార్ట్‌ను ఓడించే పిల్లాడు జులై నెలాఖరున పుడతాడని చెప్పిన జోస్యం అతనికీ సరిపోతుంది.

అసలు మార్కులు 'ఎందుకు' అనే ప్రశ్నలకు పెట్టండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మొదటి పుస్తకం చివర్లోది. స్కూల్ హౌస్‌ల పోటీలో స్లిథరిన్‌కి 472 పాయింట్లు, హ్యారీ వాళ్ల గ్రిఫిండర్‌కి 312. హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ రాన్‌కి 50, హెర్మయొనీకి 50, హ్యారీకి 60 ఇస్తాడు, లెక్క సమానం అవుతుంది. కప్పు గెలిపించిన చివరి 10 ఎవరికి, ఎందుకు? నెవిల్‌కి, రాత్రిపూట బయటికి పోతున్న ఆ ముగ్గురినీ, అంటే సొంత దోస్తులనే, తలుపు దగ్గర అడ్డుకున్నందుకు. పేరు చెబితే 1 మార్కు, కారణం చెబితే 3 ఇవ్వండి. శత్రువుకు ఎదురు నిలబడటం కన్నా దోస్తుకు ఎదురు నిలబడటం కష్టమని మన బ్యాచ్‌లో అందరికీ తెలిసిందే, ఈ జవాబు దగ్గర కాసేపు మాటలు సాగితే సాగనివ్వండి, తొందరపడి తర్వాతి ప్రశ్నకు పోకండి.

రెండో రౌండ్ హ్యారీ వాళ్ల నాన్న గ్యాంగ్ మీద పెట్టొచ్చు. మూనీ (లూపిన్), వార్మ్‌టెయిల్ (పీటర్), ప్యాడ్‌ఫుట్ (సిరియస్), ప్రాంగ్స్ (హ్యారీ నాన్న జేమ్స్), ఈ మారుపేర్లు ఎవరివో జతపరచమంటే సులువు. జేమ్స్, సిరియస్, పీటర్ జంతువులుగా మారడం ఎందుకు నేర్చుకున్నారో అడగండి. లూపిన్ తోడేలుగా మారినప్పుడు మనుషులకే ప్రమాదం, జంతువులకు కాదు, అందుకే దోస్తును ఒంటరిగా వదలకూడదని ఏళ్ల తరబడి తంటాలు పడి స్కూల్లో అయిదో ఏడాదిలో సాధించారు. ఆ గ్యాంగ్‌లోంచే పీటర్ ద్రోహం చేశాడంటే అందుకే అంత బాధ. ఇది 'పు' ప్రశ్న, సినిమాలో ఈ వివరం సరిగ్గా చెప్పరు.

హ్యారీ దోస్తులకు రహస్యంగా మంత్రాలు నేర్పిన గ్యాంగ్‌కి డంబుల్‌డోర్స్ ఆర్మీ అని పేరు పెట్టింది ఎవరు? రాన్ చెల్లెలు జిన్నీ. మీటింగ్ తేదీ దొంగ గాలియన్ల (మంత్రగాళ్ల బంగారు నాణేల) అంచు మీద అంకెల్లో కనిపించేలా చేసింది ఎవరు? హెర్మయొనీ. ఇవి గబగబా అయిపోతాయి.

టీమ్‌లు మాత్రం కలగాపులగం చేయండి, పుస్తకాలన్నీ చదివినోళ్లు ఒకే వైపు ఉంటే ఆట చప్పగా ఉంటుంది. ఫోన్లన్నీ ఒక గంపలో వేయించండి. గెలిచినోళ్లకు ఒక డబ్బా సకినాలు. టై అయితే ఒక్కటే ప్రశ్న: మొదటి కథ చదరంగంలో రాన్ ఏ పావు? గుర్రం.