కుక్కకు తీపి మాన్పించడం ఎలా?

పొద్దున్నే బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే చాలు, మా బ్రూనో ఎక్కడున్నా వచ్చి మోకాలి మీద గడ్డం ఆనిస్తాడు. ఆ చూపుకి కరగని వాళ్లుండరు. నేను రెండు, నాకు తెలియకుండా అమ్మ ఇంకో రెండు. ఏడాది తిరిగేసరికి ఒళ్లు తడిమితే పక్కటెముకలు చేతికి తగలడం మానేశాయి. ఆ తీపి మాన్పించడానికి మేం చేసిన పనులివి.

1. ముందు వంటింట్లో, ఫ్రిజ్‌లో ఏమేం ఉన్నాయో చూసుకోండి. పంచదార చేసే చెరుపు నిదానం. కొన్ని మాత్రం గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తాయి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్క ఒంట్లోంచి త్వరగా పోదు, గుండె దడ, ఫిట్స్ వస్తాయి. ఇది డార్క్ చాక్లెట్‌లో మరీ ఎక్కువ. లడ్డూలో, పాయసంలో వేసే కిస్‌మిస్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. అందులోని టార్టారిక్ ఆమ్లమే కారణమని పశువైద్యులు అనుమానిస్తున్నారు. చింతపండులోనూ అది దండిగా ఉంటుంది కాబట్టి పులిహోర కూడా వద్దు.

అన్నిటికంటే మోసం చేసేది షుగర్‌ఫ్రీ సరుకు. "షుగర్ లేదుగా" అని పెట్టేస్తాం. కొన్ని చూయింగ్ గమ్‌లలో, టూత్‌పేస్టుల్లో పంచదారకు బదులు తీపి కోసం వేసే జైలిటాల్ పడితే కుక్క ఒంట్లో ఇన్సులిన్ ఒక్కసారిగా ఊరుతుంది. అరగంటలోనే షుగర్ పడిపోయి తూలిపోవచ్చు. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు.

2. ఇంట్లో అందరినీ ఒక మాట మీదకు తెండి. నిజం చెప్పాలంటే కష్టమంతా ఇక్కడే. "పాపం, మూగజీవం" అనే మాటకు జవాబుండదు. చివరికి, "అమ్మా, నీకు షుగరని మేం నీ ముందు జాంగ్రీ తినడం మానేశాం కదా, వీడికీ అంతే" అంటే ఒప్పుకుంది. మైసూర్‌పాక్, సున్నుండల్లాంటి వాటిలో పంచదారతో పాటు నెయ్యీ భయమే. క్లోమం వాచి, వాంతులు, కడుపునొప్పితో కుక్క వీపు వంచేసి నిలబడుతుంది.

3. చేతిలో బదులు ఏదో ఒకటి ఉంచుకోండి. క్యారెట్, కీరా, గింజలు తీసిన యాపిల్ ముక్క. ఏదైనా సరే, చిరుతిండి రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు. 10 కిలోల కుక్కకు రెండు మూడు గ్లూకోజ్ బిస్కెట్లతోనే ఆ వంతు అయిపోతుంది.

4. నెలకోసారి పక్కటెముకలు తడమండి, పళ్లు చూడండి. నీళ్లు తెగ తాగుతూ, మాటిమాటికీ మూత్రం పోస్తూ, తింటున్నా చిక్కిపోతుంటే రక్తపరీక్ష చేయించండి. మధుమేహం వచ్చిందంటే రోజూ ఇన్సులిన్ ఇంజక్షన్లే.

5. పొరపాటున చాక్లెట్టో కిస్‌మిస్సో తినేస్తే లక్షణాలు కనబడేదాకా ఆగకండి. ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, కుక్క బరువెంత, ఈ మూడూ డాక్టరుకు ఫోన్‌లోనే చెప్పండి. ఉప్పునీళ్లు పట్టి కక్కించొద్దు, ఉప్పు ఎక్కువైతే అదో ప్రమాదం. కవరు చెత్తబుట్టలో ఉన్నా సరే, తీసి వెంట పట్టుకెళ్లండి.