దుకాణం వెనుక గోదాముకు రెండో రౌటర్

అబిడ్స్‌లోని పాత భవనాల్లో మందపాటి గోడల వల్ల కౌంటరు దగ్గరి వైఫై వెనుక గోదాముకు సరిగా అందకపోతే, అక్కడ రెండో రౌటర్ అమర్చుకోవడం మేలు. ముందుగా కొత్త రౌటర్‌ను ల్యాప్‌టాప్‌కు మాత్రమే కలిపి, మొదటిదాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇచ్చి, ఆ అడ్రస్ మొదటి రౌటర్ మిగతా పరికరాలకు పంచే అడ్రస్‌ల వరుసలో లేదని చూసుకున్నాకే, దీని డీహెచ్‌సీపీని, అంటే అడ్రస్‌లను దానంతటదే పంచే ఏర్పాటును, ఆపివేయాలి. ఇది మరిచిపోతే రెండు రౌటర్లూ అడ్రస్‌లు పంచడం మొదలుపెట్టి, బిల్లింగ్ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ అందకుండా పోవచ్చు; మా దుకాణంలో ఒక సాయంత్రం బిల్లులు ఆగిపోయింది సరిగ్గా ఇందువల్లనే.

రెండు రౌటర్లను కలిపే నెట్‌వర్క్ కేబుల్‌ను రెండు వైపులా ల్యాన్ పోర్టులకే (లోపలి పరికరాలను కలిపేవి) కలిపి, తరచుగా వేరే రంగులో ఉండే వ్యాన్ పోర్టును (బయటి ఇంటర్నెట్ లైన్ కోసం ఉండేది) కొత్త రౌటర్‌లో ఖాళీగా వదిలేయాలి. కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు. రెండింటికీ ఒకే వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉంచి, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో ఒకదానికి ఛానెల్ 1, మరొకదానికి 6 లేదా 11 ఇవ్వండి.