సంతకం పెట్టే ముందు ఆఫర్ లెటర్‌ను ఇలా చదవండి

చేరిన ఆరు నెలలకే "ఈ ఉద్యోగం నాకు పడట్లేదు" అనిపించిందంటే, దాని కారణం చాలాసార్లు ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది. జీతం అంకె చూసిన సంతోషంలో మిగతా పేజీలు ఎవరూ తిప్పరు. కంపెనీ షరతులకూ మీరు ముఖ్యమనుకునేవాటికీ ఎక్కడ పొసగదో ముందే తెలుసుకోవచ్చు. అందుకు ఒక పూట కేటాయించండి.

లెటర్ తెరవకముందే ఒక కాగితం మీద మీకు ముఖ్యమైనవి మూడు రాసుకోండి. మూడే. పది రాస్తే ఏదీ తేలదు. "మంచి వాతావరణం" లాంటివి రాయొద్దు, వాటిని సరిచూసుకునే దారి ఉండదు. "రాత్రి ఎనిమిదికల్లా పిల్లల దగ్గర ఉండాలి", "ఇంటి వాయిదా కట్టాక చేతిలో ఇరవై వేలు మిగలాలి", "అబద్ధం చెప్పి అమ్మే పని చేయను" — ఇలా రాయండి. ఒక్కోదానికి లెటర్‌లో సంబంధించిన వాక్యం వెతకండి. వాక్యం లేదంటే ఆ విషయంలో మీకు భరోసా లేనట్టే, ఇంటర్వ్యూలో నోటితో ఎంత చెప్పినా సరే.

మొదట డబ్బు లెక్క. సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) ఏడాదికి 6,00,000 అనగానే నెలకు 50,000 వస్తుందనుకుంటారు. విప్పి చూడండి. అందులో 10 శాతం వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చే భాగం అయితే 60,000 ఏడాది చివర రావచ్చు, రాకపోవచ్చు. బేసిక్ (మూల వేతనం) నెలకు 25,000 అనుకుంటే, కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే ఏడాదికి 36,000. గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) పేరున బేసిక్‌లో 4.81 శాతం, అంటే 14,430. ఇవన్నీ తీసేస్తే 4,89,570, నెలకు దాదాపు 40,800. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ 3,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతాయి. చేతికొచ్చేది సుమారు 37,600. ఇన్సూరెన్స్ ప్రీమియం, క్యాబ్ ఖర్చు కూడా సీటీసీలో కలిపితే ఇంకా తగ్గుతుంది. పర్మినెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండకుండా మానేస్తే గ్రాట్యుటీ సాధారణంగా రాదు, అందుకే దాన్ని మీ జీతంలో లెక్కేసుకోకండి. ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంతకాలమని ముందే రాసుకుని చేరేవాళ్లకు మాత్రం 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం ఏడాది సర్వీసు చాలు.

చేరాక కూడా ఒక పని ఉంది. ప్రతి నెలా పీఎఫ్ పాస్‌బుక్ చూడండి. ఒక నెల పీఎఫ్‌ను కంపెనీ తర్వాతి నెల 15లోగా కట్టాలి. పే స్లిప్‌లో కోత కనిపించి పాస్‌బుక్‌లో జమ కనిపించకపోతే, కంపెనీ చేతిలో డబ్బులాడట్లేదనడానికి అది తొలి గుర్తు కావచ్చు. రెండు నెలలు వరుసగా అలా జరిగితే ఊరుకోకండి, పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

తర్వాత లెటర్ మీద ఎవరి పేరుందో చూడండి. కూర్చునేది పెద్ద కంపెనీ ఆఫీసులోనే అయినా, మీకు జీతమిచ్చే పేరోల్ మనుషులను సరఫరా చేసే ఏజెన్సీది కావచ్చు. హైదరాబాద్‌లో దీన్నే థర్డ్ పార్టీ రోల్ అంటారు. పక్క కుర్చీలో అదే పని చేసే డైరెక్ట్ ఉద్యోగికి ఉన్న సెలవులు, బోనస్, ఇన్సూరెన్స్ మీకు లేకపోవచ్చు. ఈ తేడా మనసును రోజూ కోస్తుంది. సమానంగా చూడాలన్నది మీ మూడింటిలో ఉంటే, "డైరెక్ట్ రోల్‌కు ఎప్పుడు మారుస్తారు, ఏ ప్రాతిపదికన?" అని అడగండి. జవాబు మెయిల్‌లో తీసుకోండి.

పని గంటల విషయంలో ఒక చిక్కుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ షాపుల చట్టాలు వారానికి 48 గంటలు దాటితే ఓటీ (అదనపు గంటలకు డబ్బు) ఇవ్వాలంటాయి. కానీ ఐటీ సంస్థలకు ఆ నిబంధనల నుంచి మినహాయింపులున్నాయి. అందుకే "వ్యాపార అవసరాన్ని బట్టి" అనే మాట ఎక్కడుందో వెతికి గీత గీయండి. షిఫ్టులు, వారాంతపు పని, బదిలీ అన్నీ దాని కిందే దాక్కుంటాయి. ఎల్బీనగర్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు అయితే రాకపోకల గంటలు కూడా పని గంటల్లో కలిపి చూసుకోండి. మీ రోజులోంచి పోయేవి అవి కూడా.

నోటీసు పీరియడ్ రెండువైపులా ఒకటేనా? మీరు 90 రోజులివ్వాలి, వాళ్లు 30 రోజులిస్తే చాలు అని ఉంటే సరిచేయమని అడగడం మీ హక్కు. బాండ్ (ఇంతకాలంలోపు మానేస్తే ఇంత కట్టాలనే ఒప్పందం) ఉంటే అందులోని మొత్తం, అది దేనికోసమో చూడండి. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం మానేశాక వేరేచోట పని చేయొద్దనే షరతు చెల్లదు. అలాగని బాండ్లన్నీ చెల్లవనుకోవద్దు. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ అప్పగించకండి. చూపించి వెనక్కి తెచ్చుకోండి.

విలువల సంగతి గోడ మీది పోస్టర్లో కాదు, ఇన్సెంటివ్ పట్టికలో తెలుస్తుంది. అమ్మకాల ఉద్యోగమైతే టార్గెట్ ఎంత, తప్పితే జీతంలో కోత ఉందా, కొన్నవాళ్లు రద్దు చేసుకుంటే ఇచ్చిన ఇన్సెంటివ్ వెనక్కి తీసుకుంటారా అని అడగండి. రద్దయినా ఇన్సెంటివ్ మిగిలే చోట కొనేవాళ్లకు ఎలాంటి మాటలు చెప్పి అమ్ముతారో ఊహించవచ్చు. నిజాయితీ ముఖ్యమనుకునేవాళ్లు అక్కడ ఎంత జీతమొచ్చినా నలిగిపోతారు.

ఈ ప్రశ్నలన్నీ ఒకే మెయిల్‌లో, నాలుగైదు వాక్యాల్లో హెచ్‌ఆర్‌కు పంపండి. "అండీ, సంతకానికి ముందు ఈ విషయాలు తేల్చుకోవాలనుకుంటున్నాను" అంటే చాలు, క్షమాపణలు అక్కర్లేదు. అక్కడ ఈ మధ్యే మానేసినవాళ్లను ఒక్కరినైనా పట్టుకుని, "చివరి జీతం, రిలీవింగ్ లెటర్ ఎన్ని రోజులకు చేతికొచ్చాయి?" అని అడగండి. పైన చెప్పిన లేబర్ కోడ్‌ల ప్రకారం, మానేసినవాళ్లకు బకాయి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఆ పాత ఉద్యోగి నెలల లెక్క చెబితే, మెయిల్‌కు ఎంత తీయగా జవాబొచ్చినా ఇంకో ఆఫర్ కోసం చూడండి.