కౌంటర్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లకు ముందు ఏం నేర్పాలి?

మెడికల్ షాపులో కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇవ్వాలంటే మందుల పేర్లతో మొదలుపెట్టకండి. గత మూడు నెలల్లో కౌంటర్ దగ్గర జరిగిన పొరపాట్లు రాసుకోండి, పాఠాలు అందులోంచే తీయండి. మా దగ్గర ఓసారి ఇన్సులిన్ పెన్నులు ఫ్రీజర్‌లో పెట్టేశారు. గడ్డకట్టాక ఇక పారేయాల్సిందే, ప్రాణం ఉసూరుమంది. అందుకే ఇప్పుడు మొదటి రోజే ఫ్రిజ్‌లోని థర్మామీటరు చూపించి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో వాళ్లచేతే రాయిస్తాం.

షెడ్యూల్ హెచ్‌1 రిజిస్టరూ (డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన కొన్ని యాంటీబయాటిక్స్ లాంటి మందులు అమ్మినప్పుడు ఆ వివరాలు రాసే పుస్తకం) అంతే. అది 3 ఏళ్లు దాచాల్సిన రికార్డు. మీరొకటి రాసి చూపండి, తర్వాత వాళ్లు రాయాలి, ఎందుకు రాస్తున్నారో నోటితో చెప్పాలి. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి, అందరూ "అయిందండీ" అనే అంటారు. వారం పోయాక పక్కన నిలబడి మళ్లీ చూడండి.