కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళాలంటే ముందు మీ పేరున కాగితాలుండాలి

మా కాంప్లెక్సులోకి ఈమధ్య మారిన ఒకమ్మాయి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ క్లాసు తీసుకుంది. మూడు యూనిట్లు. యూనిట్‌కు 46 డాలర్ల లెక్కన 138 కడితే సరిపోతుందనుకుంది. వెయ్యి దాటి బిల్లొచ్చింది. "అక్కా, వెబ్‌సైట్‌లో 46 అనే ఉందిగా!" అంటుంది. ఉంది తల్లీ, అది కాలిఫోర్నియా రెసిడెంట్లకు. రెసిడెంట్ కాదని తేలిస్తే చాలా కాలేజీల్లో దాని మీద యూనిట్‌కు ఇంకో 300 పైచిలుకు పడుతుంది. ఆ అమ్మాయి ఇక్కడికొచ్చి ఏడాది దాటింది. కానీ ఉన్నట్టు చెప్పే కాగితం ఒక్కటీ ఆమె పేరున లేదు. లీజు భర్త పేరున, కరెంటు బిల్లు భర్త పేరున, బ్యాంకు ఖాతా భర్త పేరున.

ఇలాంటివి చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. కాలిఫోర్నియా బే ఏరియాలో హెచ్-4, ఎల్-2 (హెచ్-1, ఎల్-1 ఉద్యోగ వీసాల వాళ్ళ కుటుంబానికిచ్చే వీసాలు) మీద ఉన్నవాళ్ళ కోసం. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే మీ రాష్ట్రం రూల్సు వేరు, అవి చూసుకోండి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద రావాలనుకునేవాళ్ళకు దారే వేరు. కాలేజీ ఇచ్చే ఐ-20 ఫారం కావాలి, ఫుల్‌టైమ్ చదవాలి, నాన్-రెసిడెంట్ ఫీజు కట్టాలి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను ఏదైనా కోర్సులో చేర్పిద్దామా అని కొందరు అడుగుతుంటారు. వద్దు. బి-2 మీద ఉండి కోర్సులో చేరడానికి వీల్లేదు.

నేనొచ్చిన కొత్తలో సన్నీవేల్‌లో ఉండేవాళ్ళం. జనవరి వానలు. పొద్దున ఆయన ఆఫీసుకెళ్తే మళ్ళీ రాత్రికే. కారు ఒక్కటే, నాకు లైసెన్సు లేదు. వర్క్ పర్మిట్ లేని హెచ్-4కి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు, ఉద్యోగం చెయ్యకూడదు. వారమంతా నేను ఎదురుగా నిలబడి మాట్లాడిన మనిషి ఇండియన్ స్టోర్‌లో బిల్లు కొట్టే ఆవిడే. హెచ్-4 వాళ్ళు వీసా మార్చుకోకుండానే చదువుకోవచ్చని ఎవరో చెప్తే బస్సెక్కి కాలేజీకి వెళ్ళాను. మాట నిజమే, ఒక్క క్లాసైనా తీసుకోవచ్చు, ఫుల్‌టైమ్ అయినా చదవచ్చు. కౌంటర్‌లో ఒకమ్మాయి ఒక లిస్టు చేతిలో పెట్టి "వీటిలో మీ పేరున ఏమున్నాయి?" అంది. పాస్‌పోర్టు తప్ప నా దగ్గర ఏమీ లేదు. ఆ రాత్రి లీజు తీయించి చూస్తే ఇంట్లో ఉంటున్నవాళ్ళ వరసలో కూడా నా పేరు లేదు.

అప్లికేషన్ సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలుంటే అన్నిటికీ సీసీసీ అప్లై అనే ఒకే ఆన్‌లైన్ ఫారం, ఫీజు లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగిన చోట లేదని టిక్ పెట్టే గడి ఉంటుంది, దాని దగ్గర ఆగిపోకండి. దొంగ దరఖాస్తుల బెడద ఎక్కువై ఇప్పుడు కొన్ని కాలేజీలు గుర్తింపు రుజువు కూడా అడుగుతున్నాయి. ఆ మెయిల్ స్పామ్‌లో పడి ఉండొచ్చు, వెతకండి. పేరు మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయండి. మనవాళ్ళ ఇంటిపేర్ల గొడవ తెలిసిందే: టెన్త్ మెమోలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్ళయ్యాక లీజులో భర్త ఇంటిపేరు. మూడు కాగితాల్లో మూడు పేర్లుంటే, ముగ్గురూ మీరేనని రుజువు చేసుకోవాల్సిన పని మీదే.

ఇక అసలు సంగతి. నాన్-రెసిడెంట్ ఫీజు తప్పాలంటే క్లాసులు మొదలయ్యే రోజుకు ముందు రోజు నాటికి మీరు కాలిఫోర్నియాలో ఏడాది పూర్తి చేసి ఉండాలి. అందుకే ఏడాదీ ఒక రోజూ అంటుంటారు. ఊరికే ఉంటే చాలదు, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని కూడా చూపించాలి. ఆ రెండూ కలిసిన రోజు నుంచే లెక్క. ఉద్దేశం మనసులో ఎంతున్నా కౌంటర్‌లో పనికిరాదు, కాగితంలో కనిపించాలి. కాలిఫోర్నియా డ్రైవింగ్ లైసెన్సు లేదా స్టేట్ ఐడీ, రెసిడెంట్‌గా వేసిన స్టేట్ ట్యాక్స్ రిటర్న్, బ్యాంకు ఖాతా, లీజు, ఇలాంటివి.

అన్నం వండటం తర్వాతి మాట, ముందు ఇవి చూసుకోండి. విమానం దిగిన నెలలోనే లీజులో మీ పేరు చేర్పించండి. లీజింగ్ ఆఫీసులో అడిగితే చేరుస్తారు, ఆయన్ని అడిగితే మాత్రం "ఎందుకిప్పుడు" అంటారు. జాయింట్ ఖాతా తెరవండి. గ్యాస్ బిల్లో ఇంటర్నెట్ బిల్లో ఒకటి మీ పేరున పెట్టించండి. డ్రైవింగ్ రాకపోయినా లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసుకు వెళ్ళి స్టేట్ ఐడీ తీసుకోండి. ట్యాక్స్ సమయానికి డబ్ల్యూ-7 ఫారం పెట్టి ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్ళకిచ్చే ట్యాక్స్ నంబరు) తెచ్చుకుంటే జాయింట్ రిటర్న్‌లో మీ పేరు ఉంటుంది. దాంతోపాటు రాష్ట్రానికి వేసే కాలిఫోర్నియా 540 రిటర్న్ కాపీ దాచుకోండి. ఇవన్నీ చెప్తే కొందరు మగవాళ్ళు నవ్వుతారు. ఒక్కో క్లాసుకు 900 డాలర్ల తేడా అని చెప్పండి, నవ్వు ఆగిపోతుంది.

హెచ్-4, ఎల్-2 వాళ్ళకు ఈ రెసిడెన్సీ చట్టప్రకారం దొరుకుతుంది. ఎఫ్-1, ఎఫ్-2, బి-2 వాళ్ళకు ఎన్నేళ్ళున్నా దొరకదు. తెలియని గుమస్తా ఎవరైనా "మీది టెంపరరీ వీసా కదా, కుదరదు" అంటే తల ఊపి వచ్చెయ్యకండి. అడ్మిషన్స్ అండ్ రికార్డ్స్‌లో రెసిడెన్సీ పని చూసే మనిషి వేరుగా ఉంటారు, వాళ్ళతోనే మాట్లాడతానని మర్యాదగా చెప్పండి. ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ప్రింటు, మీ ఐ-797 (ఇమిగ్రేషన్ వాళ్ళ అప్రూవల్ నోటీసు) పట్టుకెళ్ళండి. మీది అన్నాను. హెచ్-1 పొడిగించి భార్య హెచ్-4 మర్చిపోయిన ఇళ్ళు నేను చూశాను. వీసా స్టాంపు గడువు తీరితే పర్వాలేదు, ఐ-94 గడువు తీరకూడదు.

డాలస్ నుంచో అట్లాంటా నుంచో మారినవాళ్ళకు లెక్క మళ్ళీ మొదలు. టెక్సాస్ లైసెన్సు పర్సులో అలాగే ఉంచుకుని ఇక్కడ స్థిరపడ్డాం అంటే ఎవరు నమ్ముతారు? మధ్యలో పెళ్ళికో పురుడుకో ఇండియా వెళ్ళొస్తే ఏడాది లెక్క తెగిపోదు. కానీ రానూపోనూ టికెట్లు, ఇక్కడ ఇల్లు ఖాళీ చెయ్యలేదనే రుజువు ఉంచుకోండి.

కాలేజీ క్యాలెండర్ కూడా చూడండి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫ్రీమాంట్ ఓలోనీ, శాంటా క్లారా మిషన్ కాలేజీల్లో సెమిస్టర్లు, ఫాల్ క్లాసులు ఆగస్టు చివర్లో మొదలవుతాయి. కూపర్టీనో డీ ఆంజా, లాస్ ఆల్టోస్ హిల్స్ ఫుట్‌హిల్ కాలేజీల్లో క్వార్టర్లు, అక్కడ ఫాల్ సెప్టెంబరు చివర్లో. పోయినేడు సెప్టెంబరు మొదటి వారంలో దిగి వెంటనే కాగితాలు చేసుకున్నవాళ్ళకు ఓలోనీలో ఈ ఫాల్‌కు ఏడాది నిండదు, డీ ఆంజాలో నిండుతుంది. క్వార్టర్ యూనిట్‌కు ఫీజు 31 డాలర్లని చూసి చవక అనుకోకండి. మూడు క్వార్టర్ యూనిట్లు కలిస్తే రెండు సెమిస్టర్ యూనిట్లు, అంతే.

ఒకసారి నాన్-రెసిడెంట్ అని రాసేశాక ఏడాది నిండగానే అదే మారిపోదు. రెసిడెంట్‌గా మార్చమని అడిగే రీక్లాసిఫికేషన్ ఫారం మీరే పెట్టాలి, అదీ సెమిస్టర్ మొదలయ్యే ముందే. అయిపోయిన సెమిస్టర్‌కు కట్టిన డబ్బు వెనక్కి రాదు.

ఏం చదవాలన్నది మీ ఇష్టం. మన ఆడవాళ్ళు చాలామంది చైల్డ్ డెవలప్‌మెంట్ తీసుకుంటారు. ప్రీస్కూల్ టీచరు పనికి 12 యూనిట్లు అడుగుతారు కాబట్టి. భర్తకు ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే 2015 నుంచి హెచ్-4కి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు, అది చేతికొచ్చేలోగా ఈ యూనిట్లు అయిపోతే మంచిదే. హెచ్-4 మీద ఉండి పర్మిట్ లేకుండా మాత్రం క్యాంపస్‌లో గంట పని కూడా ఒప్పుకోకండి.

ఇండియా డిగ్రీని ఇవాల్యుయేషన్‌కు (ఇక్కడి చదువుతో పోల్చి లెక్కగట్టడానికి) పంపాలా అని అందరూ టెన్షన్ పడతారు. మీ క్లాసుకు ప్రీరిక్విజిట్ (ముందే చదివి ఉండాల్సిన క్లాసు) లేకపోతే ఇప్పుడే అక్కర్లేదు. అనాటమీ లాంటివి కావాలంటే అప్పుడు పంపండి. సీల్డ్ కవర్‌లో మార్కుల కాగితాల కోసం మీ తమ్ముడు ఉస్మానియా చుట్టూనో జేఎన్‌టీయూ చుట్టూనో తిరగాలి, కాబట్టి రెండు మూడు నెలలు ముందే చెప్పండి.

రిజిస్ట్రేషన్‌కు మీకొక తేదీ, టైము ఇస్తారు. ఓరియెంటేషన్, ఎడ్యుకేషన్ ప్లాను పూర్తి చేస్తే కొత్తవాళ్ళకు కాస్త ముందు తేదీ వస్తుంది. క్లాసు నిండిపోతే వెయిట్‌లిస్టులో చేరి మొదటి రోజు తప్పకుండా వెళ్ళండి. సీటున్నవాళ్ళు మొదటి రోజు రాకపోతే టీచరు తీసేసి, వచ్చినవాళ్ళకు క్లాసులో చేరే యాడ్ కోడ్ ఇస్తారు. ఆన్‌లైన్ క్లాసైతే కాన్వాస్ అనే క్లాసు వెబ్‌సైట్‌లో లాగిన్ అయి మొదటి పని చేసి చూపించాలి. పుస్తకాలకు ఖర్చు వద్దనుకుంటే షెడ్యూల్లో జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ గుర్తున్న క్లాసులు వెతకండి.

ఇంతా చదివి భయపడ్డారేమో. సరే, ఒక మాట ఒప్పుకుంటాను. ఏడాది నిండనివాళ్ళు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. నాన్‌క్రెడిట్ (యూనిట్లు రాని) క్లాసులకు యూనిట్ ఫీజు ఉండదు, ఇంగ్లిష్ క్లాసులు చాలా చోట్ల అలాంటివే. ఊళ్ళో అడల్ట్ స్కూళ్ళూ ఉన్నాయి. 2017లో వచ్చిన ఏబీ 705 చట్టం తర్వాత ఇంగ్లిష్, మ్యాథ్స్‌కు ఏ స్థాయి క్లాసో తేల్చే పాత ప్లేస్‌మెంట్ పరీక్షల బాధ లేదు. క్లాసు నచ్చకపోతే రిఫండ్ గడువులోగా డ్రాప్ చేస్తే డబ్బు తిరిగొస్తుంది, మార్కుల్లో మచ్చ కూడా పడదు. ఆ గడువు తేదీ క్లాసు క్లాసుకూ మారుతుంది, పోర్టల్‌లో మీ క్లాసు పక్కనే ఉంటుంది. వయసు గురించి దిగులొద్దు. నా క్లాసులో తల నెరిసిన తాతగారు ఒకాయన, పదహారేళ్ళ హైస్కూలు పిల్ల ఒకే బెంచీ మీద కూర్చునేవారు. మన యాస గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

కౌన్సెలర్లు కూడా నిజంగానే మంచివాళ్ళు, డబ్బు తీసుకోరు. అపాయింట్‌మెంట్ జూన్‌లోనే పెట్టుకోండి. ఆగస్టులో ఫోన్ చేసి దొరకడం లేదంటే నేనేం చెయ్యలేను.