ఒక రైతు చీటీ తెరిస్తే ఇంకో రైతు పేరు: సీటీఐడీతో వచ్చే తిప్పలు

సమస్య: కర్నూలు మార్కెట్ యార్డులో కమీషన్ షాపు వాళ్లు ఉల్లి లాట్లు ఎక్కించుకునే చిన్న ప్రోగ్రామ్ అనుకోండి. వెనక ఉన్న డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. గుమాస్తా ఒక లాట్‌కు రేటు సరిచేసి సేవ్ నొక్కితే పడుతుంది. స్క్రీన్ మూయకుండా తూకం కూడా దిద్ది మళ్లీ నొక్కితే ఎర్రరూ రాదు, మార్పూ ఉండదు. లాగ్‌లో ‘అప్‌డేట్ 0’ అని, అంటే ఒక్క వరుసా మారలేదని ఉంటుంది, అంతే. అక్కడితో ఆగితే నయమే. కొన్నాళ్లకు కోడుమూరు రైతు చెల్లింపు తెరిస్తే ఎమ్మిగనూరు రైతు లాట్ కనిపిస్తుంది. అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

కారణం: ప్రోగ్రామ్‌లో క్వెరీలు, అంటే డేటాబేస్‌కు పంపే ఆదేశాలు, తీసి చూడండి. వరుసను పట్టుకోవడానికి పోస్ట్‌గ్రెస్ ప్రతి వరుసకూ తనే ఇచ్చే సీటీఐడీ వాడి ఉంటారు, చెల్లింపుల టేబుల్‌లోనూ లాట్‌కు గుర్తుగా దాన్నే దాచి ఉంటారు. టేబుల్‌కు ప్రైమరీ కీ (ప్రతి వరుసకూ వేరుగా ఉండే గుర్తు) పెట్టని చోట అది రెడీగా దొరుకుతుంది, పైగా వేగం. కానీ అది లాట్ నంబరు కాదు, ఆ వరుస ఫైల్లో ఉన్న చోటు. (12,7) అంటే 12వ నంబరు బ్లాకులో 7వ స్థానం. పోస్ట్‌గ్రెస్ అప్‌డేట్‌లో పాత వరుసను దిద్దదు. కొత్త ప్రతిని ఇంకో చోట, ఉదాహరణకు (40,3)లో, రాస్తుంది. స్క్రీన్ మాత్రం పాత చోటునే అడుగుతుంది కాబట్టి రెండో సేవ్‌కు ఏమీ దొరకదు. పాత ప్రతిని వాక్యూమ్ అనే శుభ్రం చేసే పని ఊడ్చేశాక ఖాళీ అయిన (12,7)లోకి ఎవరి లాటైనా రావచ్చు. ఆటోవాక్యూమ్ దానంతటదే నడుస్తుంది కాబట్టి ‘మేమేం ముట్టుకోలేదే’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఒరాకిల్ డేటాబేస్‌లో ఇలాంటిదే అయిన రోఐడీ మామూలు అప్‌డేట్‌కు మారదు, అందుకే అక్కడ అలవాటైనవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. టేబుల్‌ను మూవ్ చేస్తే అదీ మారుతుంది.

పరిష్కారం: లాట్ల టేబుల్‌కు బిగ్‌ఇంట్ ఐడెంటిటీ కాలమ్ (వరుస నంబర్లు తనే వేసుకునే కాలమ్) చేర్చి దాన్నే ప్రైమరీ కీ చేయండి. పోస్ట్‌గ్రెస్ 10వ వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది. తొందరపడి ఆ కాలమ్ చేర్చే ఆల్టర్ ఆదేశాన్ని ముందే నడపకండి. అది టేబుల్ మొత్తాన్ని తిరగరాస్తుంది, చెల్లింపుల టేబుల్‌లో దాచిన సీటీఐడీలన్నీ ఇక పనికిరావు. ముందు బ్యాకప్ తీసి, తేదీ, రైతు పేరు, తూకం మూడూ కలిసిన చెల్లింపులనే లాట్లకు జతచేసి పక్కన రాసుకోండి. కలవనివి కాగితం చీటీలతో సరిచూడాల్సిందే, దానికి అడ్డదారి లేదు. ఆల్టర్ నడిచినంతసేపు టేబుల్ లాక్‌లో ఉంటుంది కనుక వేలం అయిపోయాక పెట్టుకోండి.

సీటీఐడీని పూర్తిగా మానేయమనను. ప్రైమరీ కీ లేని టేబుల్‌లో ఒకే లాట్ అచ్చుగుద్దినట్టు రెండుసార్లు ఎక్కితే, వాటిని విడదీసేది అదొక్కటే. సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో రెండింటినీ ఇంకెవరూ మార్చకుండా లాక్ చేసి, అదే ట్రాన్సాక్షన్‌లో ఒకదాన్ని తీసేసి కమిట్ చేయండి.